యూనిట్ 3: బాక్టీరియా కణ నిర్మాణం – వర్గీకరణ

3.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• బాక్టీరియా కణంలోని ముఖ్య భాగాలను, వాటి విధులను వివరించగలుగుతారు.
• గ్రామ్ ధనాత్మక, గ్రామ్ రుణాత్మక బాక్టీరియాల కణకవచాల మధ్య తేడాలను చెప్పగలుగుతారు.
• ఆకారం, కశాభాలు, ఆక్సిజన్ అవసరం, పోషణ, జన్యు సంబంధాల ఆధారంగా బాక్టీరియాలను వర్గీకరించగలుగుతారు.
• ఒక మందు ఏ జీవిపై పనిచేస్తుందో, దేనిపై పనిచేయదో కణ నిర్మాణం ఆధారంగా ఊహించగలుగుతారు.

3.1 పరిచయం

వానాకాలంలో వరంగల్ నుంచి నర్సంపేట వైపో, పరకాల వైపో బస్సులో వెళ్తూ కిటికీలోంచి వరి పొలాలను చూడండి. పచ్చని మడుల మధ్య అక్కడక్కడ ఆకుల కొనలు ఎండి, గడ్డి రంగుకు మారిన మడి కనిపించవచ్చు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆకు కొన నుంచి అంచుల వెంట కిందికి, అలల మాదిరి గీతలో పసుపు రంగు దిగుతూ ఉంటుంది. దీనినే బాక్టీరియా ఎండాకు తెగులు అంటారు. దీనిని కలిగించే జీవి జాంథోమోనాస్ ఒరైజే.

ఇప్పుడు రైతు పరిస్థితిని ఆలోచించండి. అతడు పురుగుమందుల దుకాణానికి వెళ్లి "వరికి తెగులు మందు" అని అడుగుతాడు. చేతికి హెక్సాకొనజోల్ వంటి శిలీంధ్రనాశిని వస్తుంది. పాముపొడ తెగులుకు అది మంచి మందే. కాని ఈ మడిలో దానిని ఎన్నిసార్లు పిచికారీ చేసినా ఎండాకు తెగులు ఆగదు. డబ్బు పోతుంది, అదను పోతుంది. పైరు పచ్చబడుతుందన్న ఆశతో యూరియా కూడా చల్లితే తెగులు మరింత పెరుగుతుంది.

మందు నకిలీది కాకపోయినా ఎందుకు పనిచేయలేదు? శిలీంధ్రం కణం, బాక్టీరియా కణం ఒకే రకంగా నిర్మితం కాలేదు కాబట్టి. ఆ నిర్మాణాన్నే ఈ యూనిట్‌లో నేర్చుకుంటాం. చివరలో మళ్లీ ఈ మడి దగ్గరికే వద్దాం.

3.2 బాక్టీరియా – కేంద్రకపూర్వ జీవులు

హాలండ్‌కు చెందిన ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసి తయారుచేసిన కటకాలతో 1670ల, 1680ల దశకాల్లో బాక్టీరియాలను మొదటిసారి చూశాడు. సాధారణంగా వీటి పొడవు 0.5 నుంచి 5 మైక్రాన్ల వరకు ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. ఎండాకు తెగులు బాక్టీరియా పొడవు ఒకటి, రెండు మైక్రాన్లు మాత్రమే.

మీ శరీర కణాల్లో, వరి మొక్క కణాల్లో, శిలీంధ్ర కణాల్లో త్వచంతో కప్పిన కేంద్రకం ఉంటుంది. మైటోకాండ్రియాలు, అంతర్జీవద్రవ్య జాలం వంటి కణాంగాలు ఉంటాయి. వీటిని నిజకేంద్రక కణాలు అంటారు. బాక్టీరియా కణంలో కేంద్రకత్వచం లేదు, మైటోకాండ్రియాలు లేవు. జన్యుపదార్థం నేరుగా కణద్రవ్యంలోనే ఉంటుంది. అందువల్ల ఇవి కేంద్రకపూర్వ జీవులు. ఈ లెక్కన చూస్తే పాముపొడ తెగులు శిలీంధ్రం ఎండాకు తెగులు బాక్టీరియా కంటే వరి మొక్కకే దగ్గరి బంధువు.

కణం చిన్నది కావడం వల్ల దాని ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితల వైశాల్యం ఎక్కువ. పోషకాలు త్వరగా లోపలికి చేరతాయి, కణం త్వరగా విభజన చెందుతుంది. అనుకూల పరిస్థితుల్లో ఎషరీషియా కోలై ద్విధావిచ్ఛిత్తి ద్వారా సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. అదే వేగం కొనసాగితే 10 గంటల్లో 30 విభజనలు జరిగి, ఒక్క కణం నుంచి 107 కోట్లకు పైగా కణాలు ఏర్పడతాయి. నిజానికి పోషకాలు అయిపోవడం, వ్యర్థాలు పేరుకోవడం వల్ల ఈ వేగం ఎక్కువసేపు నిలవదు.

3.3 బాక్టీరియా కణ నిర్మాణం

బయటి నుంచి లోపలికి ఒక్కొక్క భాగాన్ని పరిశీలిద్దాం.

3.3.1 గుళిక

కొన్ని బాక్టీరియాలలో కణకవచం వెలుపల జిగురు పొర ఉంటుంది. అది గట్టిగా, స్పష్టమైన అంచుతో ఉంటే దానిని గుళిక అనీ, వదులుగా ఉంటే జిగురు పొర అనీ అంటారు. ఇది ఎక్కువగా పాలీశాకరైడ్లతో నిర్మితమవుతుంది. కణం ఎండిపోకుండా కాపాడటం, ఆతిథేయి రక్షణ వ్యవస్థ నుంచి తప్పించడం, ఉపరితలాలకు అంటుకోవడానికి తోడ్పడటం దీని విధులు. జాంథోమోనాస్ ప్రజాతి స్రవించే ఇటువంటి జిగురు పేరు జాంథాన్. ఈ ప్రజాతిలోని మరో జాతి నుంచి తీసిన జాంథాన్ గమ్‌ను సాస్‌లు, ఐస్‌క్రీమ్‌లు చిక్కబడటానికి వాడతారు. వరి ఆకులో మాత్రం ఈ జిగురు, బాక్టీరియా కణాలు కలిసి దారునాళాలను పూడ్చివేస్తాయి. నీరు అందక ఆకు ఎండుతుంది.

3.3.2 కణకవచం

కణానికి ఆకారాన్ని ఇచ్చేది, లోపలి ద్రవాభిసరణ పీడనం వల్ల కణం పగిలిపోకుండా కాపాడేది కణకవచం. మొక్కల కణకవచం సెల్యులోజ్‌తో, శిలీంధ్రాలది ప్రధానంగా కైటిన్, గ్లూకాన్‌లతో నిర్మితమవుతుంది. బాక్టీరియాలది పెప్టిడోగ్లైకాన్‌తో నిర్మితమవుతుంది. ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్, ఎన్-ఎసిటైల్ మ్యూరామిక్ ఆమ్లం అనే రెండు చక్కెర ఉత్పన్నాలు ఒకదాని తరవాత ఒకటిగా గొలుసులా చేరతాయి. ఈ గొలుసులను చిన్న పెప్టైడ్‌లు అడ్డంగా కలుపుతాయి. నులక మంచం అల్లికను గుర్తుకు తెచ్చుకోండి. నిలువు, అడ్డం పోగులు కలిస్తేనే బరువు మోసే బలం వస్తుంది.

పెన్సిలిన్ ఈ అడ్డ బంధాలు ఏర్పడకుండా ఆపుతుంది. పెరుగుతున్న బాక్టీరియా కణం పగిలిపోతుంది. మానవ కణాలకు పెప్టిడోగ్లైకాన్ లేదు కనుక వాటికి ఈ హాని జరగదు. మైకోప్లాస్మాలకు కణకవచమే లేదు కనుక పెన్సిలిన్ వాటిని ఏమీ చేయలేదు.

3.3.3 ప్లాస్మాత్వచం

కణకవచం లోపల ఫాస్ఫోలిపిడ్లు, ప్రోటీన్లతో ప్లాస్మాత్వచం ఉంటుంది. పదార్థాల రాకపోకలను ఇది నియంత్రిస్తుంది. మైటోకాండ్రియాలు లేవు కాబట్టి శ్వాసక్రియకు కావలసిన ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థ కూడా ఈ త్వచంలోనే ఉంటుంది. శిలీంధ్రాల త్వచంలో ఎర్గోస్టెరాల్ అనే స్టెరాల్ ఉంటుంది. సాధారణంగా బాక్టీరియాల త్వచంలో అది ఉండదు. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకోండి, చివరలో అవసరమవుతుంది.

గమనిక: పాత పుస్తకాలలో ప్లాస్మాత్వచం లోపలికి ముడుచుకొని మీసోసోములు ఏర్పడతాయని, అవి శ్వాసక్రియలో పాల్గొంటాయని ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం కణాలను రసాయనాలతో స్థిరీకరించేటప్పుడు ఏర్పడిన కృత్రిమ నిర్మాణాలుగా వీటిని ఇప్పుడు భావిస్తున్నారు.

3.3.4 కశాభాలు, పైలై

కశాభాలు చలనాంగాలు. ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌తో నిర్మితమైన పొడవైన తంతువు, కొక్కెం, ఆధార దేహం అనే మూడు భాగాలు ఇందులో ఉంటాయి. నిజకేంద్రక జీవుల కశాభం కొరడాలా ఊగుతుంది. బాక్టీరియా కశాభం మాత్రం పడవ మోటారు రెక్కలా గుండ్రంగా తిరుగుతుంది. వాన నీరు, మంచు నీరు ఆకుపై నిలిచినప్పుడు ఎండాకు తెగులు బాక్టీరియా ఈదుకుంటూ ఆకు అంచుల్లోని జలరంధ్రాల ద్వారా, గాయాల ద్వారా లోపలికి చేరుతుంది. తెగులు ఆకు కొన నుంచి, అంచుల నుంచి మొదలవడానికి కారణం ఇదే.

పైలై పొట్టిగా, సన్నగా వెంట్రుకల్లా ఉండే నిర్మాణాలు. ఇవి ఉపరితలాలకు అంటుకోవడానికి ఉపయోగపడతాయి. లైంగిక పైలస్ అనే ప్రత్యేక నిర్మాణం సంయుగ్మంలో రెండు కణాలను కలుపుతుంది.

3.3.5 కేంద్రకాభం, ప్లాస్మిడ్‌లు, రైబోసోములు

చాలా బాక్టీరియాలలో ఒకే ఒక వలయాకార డీఎన్ఏ అణువు మెలికలు తిరిగి కణద్రవ్యంలో ఒకచోట ఉంటుంది. ఈ ప్రాంతాన్ని కేంద్రకాభం అంటారు. దీనితోపాటు ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్ఏ వలయాలు కూడా ఉండవచ్చు. ఇవి స్వతంత్రంగా ప్రతికృతి చెందుతాయి. యాంటీబయాటిక్‌లను తట్టుకొనే జన్యువులు తరచు ప్లాస్మిడ్‌లపైనే ఉంటాయి. సంయుగ్మం ద్వారా అవి ఒక కణం నుంచి మరో కణానికి, ఒక్కొక్కసారి ఒక జాతి నుంచి మరో జాతికి చేరతాయి.

ప్రోటీన్ సంశ్లేషణ జరిగే రైబోసోములు బాక్టీరియాలలో 70ఎస్ రకానికి చెందుతాయి. ఇందులో 50ఎస్, 30ఎస్ ఉపప్రమాణాలు ఉంటాయి. మన కణద్రవ్యంలోని రైబోసోములు 80ఎస్ రకం. ఈ తేడాయే ఎన్నో మందులకు ఆధారం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడి శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో వెలుగులోకి వచ్చిన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. టెట్రాసైక్లిన్‌లు 30ఎస్ ఉపప్రమాణానికి అతుక్కొని బాక్టీరియా ప్రోటీన్ల తయారీని ఆపుతాయి.

3.3.6 అంతస్సిద్ధబీజం

బాసిల్లస్, క్లాస్ట్రీడియమ్ వంటి ప్రజాతుల్లో ఆహారం కొరవడినప్పుడు కణం లోపల మందమైన పొరలు గల అంతస్సిద్ధబీజం ఏర్పడుతుంది. ఇది వేడిని, ఎండను, రసాయనాలను తట్టుకొని ఏళ్ల తరబడి సుప్తావస్థలో ఉండగలదు. ఒక కణం నుంచి ఒకే సిద్ధబీజం వస్తుంది కాబట్టి ఇది ప్రత్యుత్పత్తి విధానం కాదు, ప్రాణరక్షణ విధానం. మామూలుగా నీటిని మరిగించినంత మాత్రాన అన్ని సిద్ధబీజాలూ చావవు. అందుకే ఆసుపత్రుల్లో పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద పీడనంతో కూడిన ఆవిరితో శుద్ధి చేస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) బాక్టీరియా కణకవచంలోని ముఖ్య పదార్థం ఏది?
ఆ) టెట్రాసైక్లిన్ బాక్టీరియా కణంలో ఏ భాగంపై పనిచేస్తుంది?
ఇ) అంతస్సిద్ధబీజాన్ని ప్రత్యుత్పత్తి నిర్మాణంగా ఎందుకు పరిగణించరు?

3.4 బాక్టీరియాల వర్గీకరణ

3.4.1 ఆకారం ఆధారంగా

ఫెర్డినాండ్ కోన్ 1872లో బాక్టీరియాలను ఆకారం ఆధారంగా వర్గీకరించాడు. నేడు గుర్తించే ముఖ్య ఆకారాలు ఇవి.

• గోళాకారం (కోకస్): జంటలుగా ఉంటే డిప్లోకోకస్, గొలుసుగా ఉంటే స్ట్రెప్టోకోకస్, ద్రాక్షగుత్తిలా ఉంటే స్టెఫిలోకోకస్.
• దండాకారం (బాసిల్లస్): ఎషరీషియా కోలై, పెరుగులోని లాక్టోబాసిల్లస్, జాంథోమోనాస్.
• కామా ఆకారం (విబ్రియో): కలరాను కలిగించే విబ్రియో కలరే.
• సర్పిలాకారం: స్పైరిల్లమ్.
• తంతురూపం: స్ట్రెప్టోమైసిస్. స్ట్రెప్టోమైసిన్ వంటి ఎన్నో యాంటీబయాటిక్‌లు ఈ ప్రజాతి నుంచే లభించాయి.

3.4.2 కశాభాల ఆధారంగా

కశాభాలు లేనివి అకశాభకాలు. ఒక కొనలో ఒకే కశాభం ఉంటే ఏకకశాభకం (విబ్రియో కలరే, జాంథోమోనాస్). ఒక కొనలో గుంపుగా ఉంటే గుచ్ఛకశాభకం (సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్). రెండు కొనల్లోనూ ఉంటే ఉభయకశాభకం (స్పైరిల్లమ్). కణం చుట్టూ ఉంటే పరికశాభకం (ఎషరీషియా కోలై).

3.4.3 గ్రామ్ అభిరంజనం ఆధారంగా

డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన ఈ పద్ధతి నేటికీ ప్రయోగశాలల్లో తొలి మెట్టు. గాజు పలకపై బాక్టీరియాలను పలుచగా పూసి, వేడితో స్థిరీకరించి, వరుసగా నాలుగు పనులు చేస్తారు: (1) క్రిస్టల్ వయొలెట్ రంజకం వేయడం, (2) అయోడిన్ ద్రావణం వేయడం, (3) ఆల్కహాల్‌తో కడగడం, (4) సాఫ్రనిన్ వేయడం. చివరకు ఊదారంగులో కనిపించేవి గ్రామ్ ధనాత్మకం, గులాబీ లేదా ఎరుపు రంగులో కనిపించేవి గ్రామ్ రుణాత్మకం.

ఈ తేడాకు కారణం కణకవచం. గ్రామ్ ధనాత్మక బాక్టీరియాలలో పెప్టిడోగ్లైకాన్ మందంగా (సుమారు 20–80 నానోమీటర్లు) ఉంటుంది. అందులో టైకోయిక్ ఆమ్లాలు ఉంటాయి. ఆల్కహాల్ తగలగానే ఈ మందమైన పొర నీటిని కోల్పోయి బిగుసుకుంటుంది. రంజకం, అయోడిన్ కలిసి ఏర్పడిన పెద్ద సంక్లిష్టం లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ రుణాత్మక బాక్టీరియాలలో పెప్టిడోగ్లైకాన్ పలుచగా ఉండి, దాని వెలుపల లైపోపాలీశాకరైడ్లు గల బాహ్యత్వచం ఉంటుంది. ఆల్కహాల్ బాహ్యత్వచంలోని కొవ్వులను కరిగిస్తుంది. పలుచని పొర రంజకాన్ని ఆపలేదు. రంగు పోయిన కణాలు సాఫ్రనిన్‌ను తీసుకుంటాయి.

ఈ బాహ్యత్వచం ఎన్నో మందులను లోపలికి రానివ్వదు. అందుకే రోగికి ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలన్న ఆలోచన తరచు గ్రామ్ ఫలితంతో మొదలవుతుంది. క్షయను కలిగించే మైకోబాక్టీరియమ్ ట్యూబర్‌కులోసిస్ కణకవచంలో మైనం వంటి మైకోలిక్ ఆమ్లాలు ఉండటం వల్ల గ్రామ్ రంజకం దానికి సరిగా పట్టదు. దాని కోసం కళ్లె పరీక్షలో జీల్–నీల్సన్ ఆమ్లస్థిర అభిరంజనాన్ని వాడతారు.

3.4.4 ఆక్సిజన్, పోషణ ఆధారంగా

ఆక్సిజన్ తప్పనిసరి అయినవి వాయు బాక్టీరియాలు. ఆక్సిజన్ సమక్షంలో బతకలేనివి అవాయు బాక్టీరియాలు. లోతైన గాయాల్లో ధనుర్వాతాన్ని కలిగించే క్లాస్ట్రీడియమ్ టెటాని ఇందుకు ఉదాహరణ. రెండు పరిస్థితుల్లోనూ బతికేవి వైకల్పిక అవాయు బాక్టీరియాలు (ఎషరీషియా కోలై).

పోషణలో స్వయంపోషకాలు, పరపోషకాలు అని రెండు రకాలు. వరి మడి నీటిలో పెరిగే సయనోబాక్టీరియాలు కాంతి స్వయంపోషకాలు. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్ రసాయన స్వయంపోషకం. పరపోషకాల్లో పూతికాహారులు, పరాన్నజీవులు, సహజీవులు ఉన్నాయి.

3.4.5 జన్యు సంబంధాల ఆధారంగా

ఒకే ఆకారం ఉన్నంత మాత్రాన రెండు బాక్టీరియాలు బంధువులు కానక్కరలేదు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్‌లోని 16ఎస్ ఆర్ఎన్ఏ క్రమాలను పోల్చి, కేంద్రకపూర్వ జీవుల్లో రెండు వేరువేరు శాఖలు ఉన్నాయని చూపారు. 1990లో వోస్, అతని సహచరులు జీవులన్నిటినీ బాక్టీరియా, ఆర్కియా, యూకారియా అనే మూడు అధిజగత్తులుగా విభజించారు. 1923లో మొదటిసారి వెలువడిన బర్జీస్ మాన్యువల్ బాక్టీరియాలను గుర్తించడానికి ప్రామాణిక గ్రంథం. ఇటీవలి సంపుటాలు ఈ జన్యు సంబంధాలనే అనుసరించాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) గ్రామ్ అభిరంజనంలో ఆల్కహాల్ పాత్ర ఏమిటి?
ఆ) క్షయ బాక్టీరియాను గుర్తించడానికి గ్రామ్ పద్ధతి ఎందుకు సరిపోదు?

3.5 మన చేలల్లోని మూడు బాక్టీరియాలు

ఇప్పటివరకు చదివిన అంశాలను వరంగల్ ప్రాంత రైతుకు రోజూ సంబంధం ఉన్న మూడు బాక్టీరియాలకు అన్వయించి చూద్దాం.

(క) జాంథోమోనాస్ ఒరైజే – వరి చేను: దండాకారం, ఏకకశాభకం, గ్రామ్ రుణాత్మకం, వాయు, పరాన్నజీవి. ఇందులో రెండు వ్యాధిరూపాలున్నాయి. ఒరైజే రూపం దారునాళాల్లో పెరిగి ఎండాకు తెగులును కలిగిస్తుంది. ఒరైజికోలా రూపం ఆకు కణాల మధ్య ఖాళీల్లో పెరిగి ఆకుచారల తెగులును కలిగిస్తుంది. సూక్ష్మదర్శిని కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కలిగించే వ్యాధి, జన్యువులే వాటిని వేరుచేస్తాయి.

(చ) బాసిల్లస్ థురింజియెన్సిస్ – పత్తి చేను: దండాకారం, పరికశాభకం, గ్రామ్ ధనాత్మకం. సిద్ధబీజం ఏర్పడేటప్పుడు దాని పక్కన ఒక ప్రోటీన్ స్ఫటికం కూడా తయారవుతుంది. గొంగళిపురుగు పేగులోని క్షారస్థితిలో అది కరిగి, పేగు గోడకు రంధ్రాలు చేస్తుంది. 1997–98లో పురుగుల ఉధృతితో పంట పోయి, అప్పులపాలై వరంగల్ జిల్లాలో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి మీ ఇంటి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఈ స్ఫటిక ప్రోటీన్ జన్యువును చొప్పించిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి లభించింది. తరవాతి కాలంలో గులాబీ రంగు కాయతొలుచు పురుగు ఈ ప్రోటీన్లకు నిరోధకత పెంచుకొంది. కాబట్టి ఒక్క జన్యువునే నమ్ముకోవడం చాలదని కూడా ఈ పంట నేర్పింది.

(ట) రైజోబియమ్ వర్గం – పెసర, కంది, వేరుశనగ చేలు: దండాకారం, గ్రామ్ రుణాత్మకం, వాయు, సహజీవి. వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా స్థాపిస్తుంది. నత్రజని స్థాపనకు కావలసిన నైట్రోజినేజ్ ఎంజైమ్‌ను ఆక్సిజన్ పాడుచేస్తుంది. కాని బాక్టీరియాకు శ్వాసక్రియ కోసం ఆక్సిజన్ కావాలి. బుడిపెల్లోని లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా అందిస్తూ ఈ చిక్కును తీరుస్తుంది. చేలో ఒక పెసర మొక్కను జాగ్రత్తగా పీకి బుడిపెను కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్న బుడిపె.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హెక్సాకొనజోల్ శిలీంధ్రంలో ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతుంది. జాంథోమోనాస్ త్వచంలో ఎర్గోస్టెరాలే లేదు. దెబ్బ తగలవలసిన చోటు లేనప్పుడు మందు మోతాదు పెంచినా ఫలితం ఉండదు. రాగి మందులు అనేక ప్రోటీన్లను దెబ్బతీస్తాయి కాబట్టి బాక్టీరియాపై కొంతవరకు పనిచేస్తాయి. వీటితోపాటు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల మిశ్రమాన్ని పైర్లపై వాడటం చాలా కాలం సాగింది. కాని ఇవి మనుషుల వైద్యానికీ కావలసిన మందులు. స్ట్రెప్టోమైసిన్ క్షయకు మొదటగా దొరికిన మందు. పొలంలో విచ్చలవిడిగా చల్లితే వీటిని తట్టుకొనే బాక్టీరియాలు మిగులుతాయి. ఆ జన్యువులు ప్లాస్మిడ్‌లపై ప్రయాణించగలవని 3.3.5లో చదివారు.

మెరుగైన దారి విత్తనంలో ఉంది. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి (బీపీటీ 5204) అన్నానికి పేరు పొందినా ఎండాకు తెగులుకు తేలికగా లొంగుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ) శాస్త్రజ్ఞులు మూడు నిరోధక జన్యువులను అణు సూచికల సహాయంతో దానిలోకి చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశారు. మూడు జన్యువులను ఒకేసారి దాటడం బాక్టీరియాకు కష్టం. బీటీ పత్తి అనుభవంతో దీనిని పోల్చి చూడండి.

ప్రయోగ కృత్యం: తెగులు సోకిన వరి ఆకును, పసుపు భాగం ఆకుపచ్చ భాగంతో కలిసేచోట కత్తిరించండి. గాజు గ్లాసులో తేటనీరు పోసి, కోసిన అంచు నీటిలో మునిగేలా పట్టుకోండి. వెలుతురుకు ఎదురుగా పెట్టి కొన్ని నిమిషాలు గమనించండి. పాల వంటి తెల్లని ధార కోసిన అంచు నుంచి కిందికి దిగితే అది బాక్టీరియా ఎండాకు తెగులు. శిలీంధ్ర తెగులులోగాని, పోషక లోపంలోగాని ఈ ధార రాదు. రైతు దుకాణానికి వెళ్లకముందే చేయదగిన పరీక్ష ఇది. తెగులు నిర్ధారణ అయితే యూరియా వేయడం ఆపాలి. ఆ మడి నీరు పక్క మడిలోకి పారకుండా చూడాలి. మందుల విషయంలో వ్యవసాయ అధికారి సలహా తీసుకోవాలి.

3.6 సారాంశం

బాక్టీరియాలు కేంద్రకత్వచం, మైటోకాండ్రియాలు లేని కేంద్రకపూర్వ జీవులు. వీటి కణకవచం పెప్టిడోగ్లైకాన్‌తో నిర్మితమవుతుంది. 70ఎస్ రైబోసోములు, వలయాకార డీఎన్ఏ, కొన్నింటిలో ప్లాస్మిడ్‌లు, గుళిక, కశాభాలు, అంతస్సిద్ధబీజం ఉంటాయి. ఆకారం, కశాభాలు, గ్రామ్ అభిరంజనం, ఆక్సిజన్ అవసరం, పోషణ, 16ఎస్ ఆర్ఎన్ఏ క్రమం ఆధారంగా వీటిని వర్గీకరిస్తారు. ఒక మందు పనిచేయాలంటే అది తాకవలసిన నిర్మాణం ఆ కణంలో ఉండాలి.

3.7 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. అ) పెప్టిడోగ్లైకాన్. ఆ) రైబోసోమ్‌లోని 30ఎస్ ఉపప్రమాణం. ఇ) ఒక కణం నుంచి ఒకే సిద్ధబీజం ఏర్పడుతుంది, సంఖ్య పెరగదు.
2. అ) గ్రామ్ రుణాత్మక కణాల బాహ్యత్వచాన్ని కరిగించి రంగును పోగొడుతుంది. గ్రామ్ ధనాత్మక కణాల మందమైన పొరను బిగింపజేస్తుంది. ఆ) కణకవచంలోని మైకోలిక్ ఆమ్లాల వల్ల రంజకం సరిగా పట్టదు.

3.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. బాక్టీరియా కణ నిర్మాణాన్ని పటం సహాయంతో వివరించండి.
2. బాక్టీరియాల వర్గీకరణకు ఆధారమైన లక్షణాలను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. గ్రామ్ ధనాత్మక, గ్రామ్ రుణాత్మక కణకవచాల భేదాలు రాయండి.
2. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుపై హెక్సాకొనజోల్ ఎందుకు పనిచేయదు?
3. ప్లాస్మిడ్‌లకు, యాంటీబయాటిక్ నిరోధకతకు గల సంబంధం ఏమిటి?